ఉన్నదనుకున్న ట్రిటియం

మా కాలనీలో పెరుగు జప్తు చేసిన వార్త మీరు పేపర్లో చదివే ఉంటారు. అందులో రెండు తప్పులున్నాయి. జప్తు చేసింది పదిహేడు గిన్నెలని రాశారు. పంతొమ్మిది. ఆ పెరుగు పులిసిపోయిందని కూడా రాశారు. మా ఇంటి పెరుగు పులవదు. ఈ రెండూ సరిదిద్దుదామనే కూర్చున్నాను. తీరా మొదలుపెట్టాక, మిగతాది చెప్పకపోతే ఇవి ఎవరికీ అర్థం కావని తోచింది.

మా ఆయన పనిచేసేది సంలీన ఇంధన పరీక్షా కేంద్రంలో. సూర్యుడు ఎలా మండుతున్నాడో అలాగే ఇక్కడా మండించి కరెంటు తీయాలని దేశదేశాల్లో ప్రయత్నం జరుగుతోంది. దానికి కావలసిన ఇంధనాల్లో ట్రిటియం ఒకటి. హైడ్రోజన్‌కి బరువైన తమ్ముడు లాంటిది. ప్రకృతిలో దొరికేది బహు కొంచెం. తయారు చేసుకుందామంటే మహా ఖరీదు. పోనీ తెచ్చి దాచుకుందామంటే పన్నెండేళ్ల నాలుగు నెలల్లో దానంతట అదే సగమైపోతుంది. పైగా రేడియేషన్ చిమ్ముతుంది, నీళ్లల్లో కలుస్తుంది, ఇనుములో ఇంకుతుంది, గొట్టాల్లోంచి జారుతుంది. అందుచేత సూర్యుణ్ణి వెలిగించేముందు మన గొట్టాలూ పంపులూ దాన్ని పట్టి ఉంచగలవో లేదో చూసుకోవాలి. ఆ పని కోసం సముద్రం ఒడ్డున, జీడితోటల మధ్య, మూడు వందల ఎకరాల్లో మా కేంద్రం కట్టారు. ల్యాబులూ, క్వార్టర్లూ అన్నీ ఒకే ప్రహరీలో. గొట్టాలు వచ్చాయి. పంపులు వచ్చాయి. చేతొడుగులు బిగించిన గాజుపెట్టెలు వచ్చాయి. ట్రిటియం రాలేదు.

ఆరేళ్లుగా రాలేదు.

మా డైరెక్టరు డాక్టర్ భుజంగరావు గారు ఖాళీగా కూర్చోలేని మనిషి. ఖాళీగా కూర్చున్నవాళ్లని చూడలేరు కూడా. ఏప్రిల్ నెలలో ఆయన ఒక ఉత్తర్వు ఇచ్చారు. మా ఆయన ఇంటికి తెస్తే నేను రెండుసార్లు చదివాను.

"వాస్తవ ట్రిటియం లభ్యతలో జరుగుచున్న జాప్యం దృష్ట్యా, సిబ్బందిలో సంసిద్ధతా స్ఫూర్తి సన్నగిల్లకుండుటకు గాను, ఎంపిక చేసిన నీటిని ఇకమీదట ట్రిటియం కలిసిన నీరుగా భావించవలెను. దీనిని భావిత ట్రిటియం అని వ్యవహరించవలెను. వాస్తవ ట్రిటియానికి వర్తించు నిబంధనలన్నియు భావిత ట్రిటియానికి యథాతథంగా వర్తించును."

"అన్నీనా?" అని అడిగాను.

"అన్నీ. లేకపోతే ఎవరూ సీరియస్‌గా తీసుకోరుట."

"మంచినీళ్లనేనా?"

"నీళ్లనకు. ఇవాళ మీటింగులో ఒకాయన నీళ్లని అన్నందుకు సంజాయిషీ అడిగారు."

ఎంపిక చేసిన నీరంటే మా కుళాయి నీళ్లు కావు. ట్రిటియం పనికి వాడే నీటిలో ఉప్పూ సున్నం ఉండకూడదని ఎక్కడో రాసుందట. మా కుళాయి నీళ్లల్లో అవి రెండూ తప్ప ఇంకేమీ ఉండవు. ఆ నీళ్లతో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. అవైనా రోజు విడిచి రోజు వస్తాయి. కాబట్టి పట్నం నుంచి ఇరవై లీటర్ల క్యాన్లలో శుద్ధి చేసిన నీళ్లు తెప్పించి, వాటికి పసుపు చీటీలు అంటించి, వాటిని ట్రిటియం అనుకోవడం మొదలుపెట్టారు.

సోమవారం ఉదయం మొదటి రిహార్సల్. అదే రోజు పదిన్నరకి నూకరత్నం మా వంటింట్లోకి వచ్చింది, నెత్తిమీద క్యానుతో.

నూకరత్నం గురించి చెప్పాలి. పొద్దున్న పరీక్షా హాల్లో కాంట్రాక్టరు తరఫున తుడుస్తుంది. పదింటి నుంచి మా ఇంట్లో చేస్తుంది. ఆరేళ్లుగా నాకు తెలుసు. గిన్నె కడిగితే మళ్లీ నేను చూసుకోనక్కర్లేని మనిషి ఈ కాలనీ మొత్తానికి ఆవిడ ఒక్కతే.

"ఎక్కడివి నూకరత్నం ఇవి?"

"హాల్లోవమ్మా. తెల్ల సంచుల్లో దూరిన బాబులు గిద్దెడు తీసుకుని మిగతాది ఒగ్గేసినారు. గదిలో పెట్టి తాలమేసి, నూట ఇరవయ్యేల్లు దాసాలంట. తాలం ఉన్నాయన సెలవులో ఉన్నాడని అరుగుమీద పడేసినారు. నూట ఇరవయ్యేల్లకి ఎవులు తాగుతారమ్మా? మన కుళాయేమో నిన్నటేల నుంచి రాలేదు."

"ఎవరూ అడగలేదూ?"

"అడిగినారు, ఏటది అని. నీల్లన్నాను. సరే ఎల్లమన్నారు. పసుపు కాయితం సెమటకి ఊడిపోనాది."

ఆవిడ వాదంలో నాకు తప్పేమీ కనబడలేదు. ఆ నీళ్లతో పప్పు వేశాను. పావుగంటలో మెత్తగా ఉడికింది. కాఫీ పెట్టాను. పాల ప్యాకెట్లు కడిగిన నీళ్లు పాలల్లో పోశాను. పాలల్లో నీళ్లు కలిపే అలవాటు నాకు లేదు. ప్యాకెట్టు కడగడం వేరు.

క్యాను దించాక నూకరత్నం గడప దగ్గర చతికిలబడి అసలు సంగతి చెప్పింది. శుక్రవారం నుంచి పదిహేను రోజులు సెలవు కావాలి. కూతురు రూపవతికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉందని, శనివారం పొద్దున్నే ఆపరేషన్ చేస్తామని శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో చెప్పారు. అల్లుడు గుజరాత్ వైపు చేపల బోటు మీద ఉన్నాడు, సముద్రంలో ఉన్నవాడికి ఫోను అందదు. రూపవతికి అత్తగారు లేరు.

"నాను తప్ప దానికెవులున్నారమ్మా? శుక్రారం మజ్జానం బస్సుకి ఎల్లిపోతాను."

"వెళ్లు. నేను చూసుకుంటాలే."

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చి రిహార్సల్ వైభవం చెప్పారు. ఆరుగురు తల నుంచి పాదం దాకా సూట్లు తొడుక్కుని, వీపులకి గాలి సిలిండర్లు కట్టుకుని, క్యానులోంచి గ్లాసెడు నీళ్లు గాజుపెట్టెలోకి పంపారట. రెండు గంటలు పట్టిందట. ఒక్కరు కూడా తడవలేదని డైరెక్టరు గారు చప్పట్లు కొట్టించారట. మిగిలిన దాన్ని పదిసార్లు సగమయ్యే దాకా, అంటే నూట ఇరవై మూడేళ్లు, గదిలో ఉంచాలిట.

"పప్పు ఇవాళ అద్భుతంగా ఉడికింది" అన్నారు మధ్యలో.

నేను వంటింటి మూల ఉన్న క్యాను వైపు చూశాను. దానిమీద చీటీ లేదు. చీటీ లేని క్యానుని క్యాను అనే అంటారు. మారు వడ్డించాను.

మంగళవారం తాళం ఉన్నాయన సెలవు నుంచి వచ్చాడు. క్యాను లేదని ఆయన కనిపెట్టాడు. బుధవారం మధ్యాహ్నం మా ఇంటి గంట మోగింది.

వచ్చినది వికిరణ రక్షణాధికారి, అంటే రేడియేషన్ సంగతి చూసే పద్మనాభం గారు. వెనకాల తెల్ల సూట్లలో ఇద్దరు, వాళ్ల వెనకాల దొంగలా మా ఆయన. పద్మనాభం గారు మంచివారే. వినాయక చవితి చందా ఆయనే పోగుచేస్తారు. కానీ ఫైలు చేతిలో ఉన్నప్పుడు ఆయన భాష మారిపోతుంది.

"అమ్మా, సదరు ద్రవం మీ గృహంలోకి ప్రవేశించినట్లు విశ్వసనీయ సమాచారం."

"వచ్చింది. సగం అయిపోయింది."

"ఏ ప్రయోజనార్థం?"

"పప్పులోకి."

ఆయన రాసుకున్నారు. "పప్పు ప్రస్తుతం ఎక్కడ ఉంది?"

మా ఆయన తన పొట్ట వైపు చూసుకున్నారు.

సూట్లలో ఉన్నవాళ్లు యంత్రం పెట్టి మా వంటిల్లంతా కొలిచారు. స్టవ్వు, సింకు, పోపులడబ్బా. అన్నిటి దగ్గరా సున్నా చూపించింది.

"సున్నా చూపిస్తోంది కదండీ" అన్నాను.

"అది వాస్తవ ట్రిటియం సున్నా అమ్మా. భావిత ట్రిటియాన్ని కొలవగల పరికరం ప్రపంచంలో ఇంతవరకు తయారు కాలేదు. కనిపించదు, కొలతకి అందదు. అందుకే మరింత జాగ్రత్త అవసరం."

తర్వాత ఆయన చూపు పెరుగు గిన్నె మీద పడింది. ఇదెప్పటిది అని అడిగారు. సోమవారం పాలు, మంగళవారం పెరుగు, ఇది దాంతో తోడుపెట్టినది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తోడు... అనగా?"

ఆయన అయిదు పదుల వయసు దాకా రోజూ పెరుగన్నం తిన్న మనిషి. అది గిన్నెలోకి ఎలా వస్తుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను వివరించాను. పాత పెరుగు ఒక చెంచా గోరువెచ్చటి పాలల్లో వేస్తే, అయిదారు గంటల్లో గిన్నెడూ పెరుగవుతుంది. ఆ పెరుగులోంచి ఒక చెంచా తీసి ఇంకో గిన్నెలో వేస్తే, అదీ పెరుగవుతుంది.

ఆయన ముఖం పాలిపోయింది. "అంటే... తనంతట తాను వృద్ధి చెందుతుందా?"

"పాలు పోస్తే చెందుతుంది."

"ఎంతకాలం?"

"ఎంతకాలమైనా. మా అత్తగారి తోడు నలభై ఏళ్లనాటిది."

ఆయన మా కుర్చీలో కూర్చుండిపోయారు. పన్నెండేళ్లకి సగమయ్యే పదార్థానికి ఆయన దగ్గర నిబంధనలున్నాయి. పూటకి రెట్టింపయ్యేదానికి లేవు.

"ఈ తోడు ఎవరికైనా..." అని సగంలో ఆపారు.

"మంగళవారం నలుగురు పట్టుకెళ్లారు. మా పెరుగు గట్టిగా ఉంటుందని అడుగుతారు."

గురువారం తెల్లవారేసరికి కమ్యూనిటీ హాల్లో గోడంత కాగితం మీద తోడు వంశవృక్షం వేలాడింది. పైన మా ఇంటి నంబరు. దానికింద నాలుగు ఇళ్లు, వాటికింద తొమ్మిది, వాటికింద మిగతావి. ఎండాకాలం కదా, తొందరగా తోడుకుంటుంది. మూడో తరంలో, బాణం గుర్తు చివర, డైరెక్టరు గారి బంగళా ఉంది. వాళ్లావిడ కాత్యాయని గారు ఒప్పుకోలేదు. "మాకు పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడుంది. ఇంకొకళ్లని అడిగే ఖర్మ మాకేం?" అన్నారు. వంటావిడని పిలిచి అడిగితే, పుట్టింటి తోడు కిందటి ఉగాదికే చెడిపోయిందని, అప్పటినుంచి వెనక గుమ్మంలోంచి తెస్తున్నానని చెప్పింది. కాలనీ అంతా విన్నది.

పంతొమ్మిది గిన్నెలు తాళం గదిలోకి చేరాయి. అరవై ఒక్కమంది భావిత స్పర్శదారులుగా తేలారు. స్పర్శదారులెవరూ గేటు దాటకూడదు. అందరికీ తలా ఒక సీసా ఇచ్చారు. ట్రిటియం ఒంట్లోకి పోయిందో లేదో మూత్రం పరీక్ష చేసి చెబుతారు. పంపిన అరవై ఒక్క సీసాలకీ సున్నా వచ్చింది. నివేదికలో అందరి పేర్లకీ ఎదురుగా "నిర్ధారణ సాధ్యపడలేదు" అని రాశారు.

నూకరత్నం ప్రథమ స్పర్శదారు. ఊళ్లోకి వెళ్లనివ్వలేదు కాబట్టి మా వెనక గదిలో పడుకుంటోంది. మొదటిరోజు నవ్వింది. "అమ్మా, నాను తాగలేదు, మోసినాను. మోసినందుకు ఇదేటి?" అంది. రెండోరోజుకి ఆ నవ్వు తగ్గింది. సూట్లు వేసుకున్న మనుషులు రోజుకి నాలుగుసార్లు వచ్చి, తను ముట్టుకున్న చీపురునీ చెంబునీ పటకారుతో పట్టుకుని సంచుల్లో వేసుకుపోతుంటే ఎవరు మాత్రం ఎంతసేపు నవ్వుతారు?

గురువారం సాయంత్రం డైరెక్టరు గారికి ఢిల్లీ విమానం ఉంది. మాకు వాస్తవ ట్రిటియం ఎప్పుడిస్తారని అడగడానికి వెళ్తున్నారు. ఆయన కూడా పెరుగు తిన్నారు, ఆయనా గేటు దాటకూడదు. కమిటీ హడావిడిగా కూర్చుంది. మా ఆయన అందులో సభ్యులు కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

పుస్తకంలో ఒక దారి ఉంది. ఒంట్లోకి పోయిన ట్రిటియంలో సగం పది రోజుల్లో నీళ్లతోపాటే బయటికి పోతుంది. ద్రవాలు ఎక్కువ తాగితే ఇంకా తొందరగా పోతుంది. డైరెక్టరు గారికి పది రోజుల వ్యవధి లేదు. అప్పుడు పద్మనాభం గారికి మెరుపు మెరిసింది. స్పర్శ భావితమైనప్పుడు, ద్రవపానం మాత్రం వాస్తవం ఎందుకు కావాలి? వెంటనే తీర్మానం రాశారు. డైరెక్టరు గారు బుధ, గురువారాల మధ్య తొంభై లీటర్ల మజ్జిగ తాగినట్లు భావించవలెను. ఒక సభ్యుడు లేచి, సారుకి రక్తపోటుంది కదా అని గుర్తుచేశాడు. "ఉప్పు లేని" అని సవరించారు. సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది.

దారి ఒకసారి తెరుచుకున్నాక అందరూ నడిచారు. సాయంత్రానికి అందరి సర్వీసు ఫైళ్లలోనూ మజ్జిగ పోశారు. భార్యలు భర్తల ఫైళ్లలో తాగారు. నా వాటాకి నలభై లీటర్లు వచ్చింది. పిల్లలకి సగం. అరవైమంది శుద్ధి అయిపోయారు.

అరవై ఒకటో మనిషి సంగతి కనుక్కుందామని నేను పద్మనాభం గారి ఆఫీసుకి వెళ్లాను.

"నూకరత్నం కూడా తాగినట్టు భావించండి."

"దేనిమీద భావించమంటారమ్మా? భావనకి ఒక ఫైలుండాలి. ఆమె కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టరుకి ఫైలుంది. కానీ ఆయన ద్రవాన్ని ముట్టుకోలేదు."

"ఫైలు లేని మనిషికి ట్రిటియం ఎలా అంటిందండీ?"

"అంటడానికి ఫైలు అక్కర్లేదు. వదలడానికే కావాలి."

ఇది ఆయన గట్టిగా ఏమీ అనలేదు. అందరికీ తెలిసిన సంగతే నాకు గుర్తు చేస్తున్నట్టు అన్నారు.

"మరి ఏం చెయ్యాలి?"

"వాస్తవంగా తాగాలి. రోజుకి ఎనిమిది లీటర్లు చొప్పున నలభై రోజులు."

"శనివారం వాళ్లమ్మాయికి ఆపరేషన్. బిడ్డ అడ్డం తిరిగింది."

పద్మనాభం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిజంగానే బాధపడ్డారు. "మానవతా దృక్పథంతో ఆలోచిస్తే నాకూ కష్టంగానే ఉందమ్మా. ఆమె కూతురి దగ్గరే ఉన్నట్టు భావించడానికి కమిటీకి అభ్యంతరం ఉండదు. కావాలంటే కాగితం ఇప్పిస్తాను."

నేను ఇంటికి వచ్చేసరికి నూకరత్నం పెరటి మెట్టు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. అవతల రూపవతి గొంతు నా దాకా వినబడుతోంది. "నువ్వు రాకపోతే నాను ఆ బల్లెక్కనంతే! ఆలేటి సేసుకుంటారో సేసుకోనీ!"

"అలాగనకే తల్లీ. డాట్రమ్మ సెప్పినట్టు ఇను. అవతల బిడ్డ ఉన్నాదే కడుపులో."

ఫోను పెట్టేసి, నన్ను చూసి లేచింది. లేచి, తను కూర్చున్న చోటు తడిగుడ్డతో తుడిచింది. పక్కన గ్లాసు ఒకటి విడిగా బోర్లించి ఉంది. అది మా గ్లాసు కాదు, తను ఎక్కడినుంచో తెచ్చుకున్నది.

"ఇదేమిటి నూకరత్నం?"

"ఏమోనమ్మా. ఇంతమంది సదూకున్నోలు సెప్తన్నారు. ఒట్టినే సెప్తారా?"

నాకు అంతవరకూ ఈ వ్యవహారం నవ్వుగానే ఉంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

"ఆ కాంట్రాక్టరు ఫోన్ నంబరు ఇలా ఇవ్వు" అన్నాను.

గేటు పాసు వెనక రాసుందని తీసి ఇచ్చింది. నాకు ఏ కాగితమైనా ముందూ వెనకా చదివే అలవాటుంది. నంబరు చూసి, పాసు తిప్పాను. "చెల్లుబాటు: ఏప్రిల్ 30 వరకు." ఆ గురువారమే ఏప్రిల్ ముప్పై. కాంట్రాక్టరు కొత్త పాసులు ప్రతినెలా పదో తారీకుకి గానీ తేడు. ఈలోగా గేటు దగ్గర ముఖం చూసి వదిలేస్తారు. ఆరేళ్లుగా నెలకి పదిరోజులు మా కేంద్రాన్ని శుభ్రంగా ఉంచుతున్నది పాసుల్లేని మనుషులే.

నేను కాంట్రాక్టరుకి ఫోన్ చెయ్యలేదు. మా ఆయన బీరువాలోంచి కేంద్రం భద్రతా నియమావళి తీసి చదివాను. ఎనభై పేజీలు. యాభై మూడో పేజీలో కావలసినది దొరికింది.

శుక్రవారం మే ఒకటి. కార్మిక దినం కాబట్టి ఆఫీసుకి సెలవు. కార్మికులకి లేదు. పది గంటలకి నేను కాగితం రాసి గేటుకి తీసుకెళ్లాను.

గేటు సూపర్‌వైజరు తవిటినాయుడు ఆర్మీలో పద్దెనిమిదేళ్లు చేసి వచ్చినవాడు. రాసి ఉన్నది తప్ప మరొకటి నమ్మడు. కాగితం తీసుకుని పైకే చదివాడు.

"మా ఇంటి వెనక గదిలో ఒక అనధికార వ్యక్తి ఉన్నట్లు గమనించితిని. సదరు వ్యక్తి వద్ద చెల్లుబాటు అయ్యే పాసు లేదు. భద్రతా నియమావళి యాభై మూడవ పేజీ ప్రకారం తక్షణ చర్య కోరుచున్నాను."

"ఎవులు మేడమ్?"

"నూకరత్నం."

తవిటినాయుడు నావైపు చాలాసేపు చూశాడు. తర్వాత నియమావళి తెరిచి యాభై మూడో పేజీ చదివాడు. పెదవులు కదుపుతూ, తొందరపడకుండా. "పాసు లేని వ్యక్తి ప్రాంగణంలో కనబడినచో, హోదాతో నిమిత్తం లేకుండా, తక్షణం వాహనంలో ప్రాంగణం వెలుపలికి తరలించి, సమీప బస్టాండులో విడిచిపెట్టవలెను. ఇందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు."

చదివి, పుస్తకం మూసి, టోపీ పెట్టుకున్నాడు. "జీపు తియ్యండ్రా" అని కేకేశాడు.

మేము వెళ్లేసరికి నూకరత్నం సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎందుకో నేను చెప్పలేదు. జీపు చూడగానే హడలిపోయింది.

"నానేటి సేసినాను బాబూ?"

"పాసేదీ?" అన్నాడు తవిటినాయుడు ఉరుముతూ.

చూపించింది. చూసి, "మురిగిపోయింది. ఎక్కు" అన్నాడు.

అంతలో పద్మనాభం గారు పరిగెత్తుకొచ్చారు. సెలవు కదా, లుంగీలో ఉన్నారు. చేతిలో ఫైలు మాత్రం ఉంది.

"ఆపండి! ఆమె ప్రథమ స్పర్శదారు! భావిత ట్రిటియంతో గేటు దాటించడం నిబంధనావళికి పూర్తి విరుద్ధం!"

"ఈవిడ లోపల ఉండటం మా నిబంధనకి విరుద్ధం సార్."

"లోపల ఉంది కాబట్టే కదా స్పర్శ జరిగింది!"

"ఇవాల్టి నుంచి పాసు లేదు సార్. పాసు లేని మనిషి నా రిజిస్టర్లో లోపల లేదు. లోపల లేని మనిషికి మీ ట్రిటియం ఎలాగంటుద్ది?"

పద్మనాభం గారు లుంగీ బిగించుకున్నారు. ఈ వారం అంతా ఆయన ఒంటరిగా ఏలిన రాజ్యంలోకి ఇంకో రాజు వచ్చాడు.

"ఇది అత్యంత ప్రమాదకరం! ఆమె వెళ్లే బస్సులో ప్రయాణికులు..."

"బస్సు నా పరిధి కాదు సార్."

"కమిటీ నిర్ణయం వచ్చే దాకా ఒక్క గంట!"

"కమిటీకి సెలవు సార్. నాకు లేదు. తక్షణం అని రాసుంది. గంట తక్షణం కాదు." తవిటినాయుడు నావైపు తిరిగాడు. "మేడమ్, ఫిర్యాదు మీరు వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోను. నాకు భయంగా ఉంది" అన్నాను.

పద్మనాభం గారు నావైపు చూశారు. అందులో కోపం లేదు. తప్పించుకునే సందు కోసం వెతికే మనిషి చూపది. చివరికి ఫైలు తెరిచి, ఒక కాగితం చింపి, దానిమీద గబగబా రాశారు. "సరే. ప్రథమ స్పర్శదారు ఒకరిని (మహిళ) భద్రతా విభాగం వారు స్వాధీనపరచుకున్నారని సంతకం పెట్టండి. ఇక ఆమె మీ బాధ్యత."

తవిటినాయుడు సంతకం పెట్టాడు. పద్మనాభం గారి భుజాలు కిందికి దిగాయి. ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంటూ, ఎవరికీ వినబడకుండా, "పన్నెండుంపావు బస్సు సీతంపేట మీదుగా వెళ్తుంది, దారి ఎక్కువ. పన్నెండున్నరది ఎక్కమనండి" అన్నారు నాతో.

నూకరత్నం జీపెక్కింది. సీటు చివర, చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని, దేనికీ తగలకుండా కూర్చుంది. నేను అన్నం పొట్లం ఇచ్చాను. పెరుగు జప్తులో ఉంది కాబట్టి చింతకాయ పచ్చడి పెట్టాను. జీపు సైరన్ వేసుకుంటూ వెళ్లిపోయింది. బస్టాండులో తవిటినాయుడు పన్నెండున్నర బస్సు కండక్టరుని పిలిచి, ఈవిణ్ణి శ్రీకాకుళంలో దింపేదాకా మధ్యలో ఎక్కడా దిగనివ్వొద్దని గట్టిగా హెచ్చరించాడట. చుట్టూ ఉన్నవాళ్లు పెద్ద నేరస్థురాలనుకుని కిటికీ పక్క సీటు ఖాళీ చేశారట.

శనివారం డైరెక్టరు గారు ఢిల్లీ నుంచి తిరిగొచ్చారు. అక్కడ అంతా విని చాలా మెచ్చుకున్నారట. ట్రిటియం మాత్రం ఇవ్వలేదట. ఇచ్చినట్టు భావించుకోమన్నారట.

నేను ఆ కబురు వింటుండగానే ఫోన్ మోగింది.

"అమ్మా! నాను." వెనకాల ఆసుపత్రి గోల. ఎవరో ట్రాలీ లాగుతున్నారు. "అయిపోనాది. ఆడగుంట. రెండుమ్ముప్పావు కేజీలుందంట. రూపవతి బాగానే ఉన్నాది, మత్తులో ఉన్నాది."

"చల్లటి మాట చెప్పావు. ఎవరి పోలిక?"

"తెల్దమ్మా. దూరంనుంచి సూసినాను."

"దూరం నుంచేమిటి?"



"నర్సమ్మ తెచ్చి ఎత్తుకోమన్నాది. నాను ఒద్దన్నాను. పక్క మంచం ఆవిడికి ఇప్పించినాను. అరగంట నుంచి ఆవిడే ఎత్తుకున్నాది." గొంతు తగ్గించింది. "అమ్మా, మీరైతే అబద్దం సెప్పరు. నాను ముట్టుకోవచ్చునా?"

ఆ ప్రశ్నకి గోడంత కాగితమూ, అరవై ఒక్క సీసాలూ, నాలుగు రోజుల కమిటీలూ ఏ జవాబూ చెప్పలేదు. అడగవలసిన మనిషి అడిగింది నన్నే కాబట్టి నేనే చెప్పాను.

"చేతులు కడుక్కున్నావా?"

"మూడుసార్లు కడుక్కున్నానమ్మా. సబ్బెట్టి."

"తుడుచుకున్నావా?"

"తుడుసుకున్నాను."

"అయితే ఎత్తుకో."

ఫోను ఎక్కడో పెట్టేసినట్టుంది. చెప్పుల చప్పుడు దూరంగా వెళ్లింది. ఎవరో ఏదో అన్నారు. మళ్లీ చెప్పులు, ఈసారి నెమ్మదిగా. అప్పుడు ఒక ఏడుపు మొదలైంది, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, తర్వాత మరీ దగ్గరగా, ఫోన్ చెవి నుంచి ఎడంగా పట్టుకోవలసినంత దగ్గరగా.

నేను పట్టుకోలేదు. చెవికే ఆన్చుకుని విన్నాను.